మామూలు గంట

నమోదు 61

మేస్త్రీ అయినవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాయాలన్న రూలు ఎవరు పెట్టారో గాని, వాళ్ళ కాళ్ళు నిలకడగా ఉండేవని మాత్రం చెప్పగలను. నేను నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, మోకాలు ఊగితే బల్ల ఊగుతుంది, బల్ల ఊగితే జుబేదా తిడుతుంది. నన్ను తిట్టడానికి జుబేదాకి వేరే కారణాలు బోలెడున్నాయి, ఇదొకటి ఎందుకని.

పొద్దున్న మంచు వలల కింద సగం బిందె నీళ్ళే పడ్డాయి. గాలి ఉత్తరం నుంచి కొట్టినప్పుడు వలకి మంచు పట్టదు. ఆ సగం బిందె పేషెంట్లకి మందులు మింగడానికి ఉంచి, మేం సముద్రపు నీళ్ళతో మొహాలు కడుక్కున్నాం. రోజంతా బుగ్గలు చురచురలాడుతూనే ఉన్నాయి. గాలిమర మళ్ళీ ఇరుక్కుంది. లవకుశులు పైకెక్కి తన్నితే తిరిగింది. అసలు పేర్లు వేరే ఉన్నాయి గాని, కవలలు కాబట్టి మాకు లవకుశులే. ఒకడు అవునంటే రెండోవాడు అవునవునంటాడు.

మేస్త్రీ అంటే ఇక్కడ ఇటుకలు మోయించే మనిషి కాదు. గట్టు ఆసుపత్రి మనసు వార్డులో పని నేర్చుకుంటున్న డాక్టర్లం ఐదుగురం, నేను, జుబేదా, లవకుశులు, పరదేశి. మాలో ఒకరిని మిగతావాళ్ళు పెద్దగా ఎన్నుకుంటారు. నన్ను ఎన్నుకున్నది నేను బాగా చదువుతానని కాదు, పని తొందరగా తెముల్చుతానని. తారకేశ్వరి చేతిలో పడితే ఏ పనీ ఆగదు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పైకి చిరాకు నటిస్తాను, లోపల మురిసిపోతాను.

ఇవాళ కోర్టు నుంచి ఒక మనిషిని పంపారు. పేరు నూకరత్నం. దిగువ వీధిలో చేపలు ఎండబెట్టుకుని బతుకుతుంది. సముద్రం ఊళ్ళోకి రాకుండా కట్టిన గట్టుకి తూములున్నాయి కదా, అందులో ఏడో తూము తలుపు పోటు వేళ ఎత్తేసింది. లోపల నాచు గీకుతున్న తాతబాబు అనే అతను ఆ నీళ్ళలో పోయాడు. ఎత్తింది తనేనని ఒప్పుకుంది. మేం తేల్చవలసింది ఒక్కటే. ఎత్తుతున్నప్పుడు అది తప్పని ఆమెకి తెలుసా, తెలియదా? తెలుసంటే వెలిగట్టులో రాళ్ళ పని శిక్ష. తెలియదంటే ఇక్కడే మంచం, మందు.

ఆరో మంచం ఇచ్చాను. దాని మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, గోడ చూస్తూ, కదలకుండా కూర్చుంది. అంత నిమ్మళంగా కూర్చోగల మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండింది. అసూయే.

నమోదు 62

వార్డు మెట్ల మీద తాతబాబు అక్క పైడమ్మ కూర్చుని ఉంది. వలలు అల్లే మనిషి. పని మానుకుని రాలేదు, వల కూడా తెచ్చుకుంది. అల్లుతూనే నన్ను ఆపింది.

"నువ్వేనేటి మేస్త్రీవి?"

"నేనేనమ్మా."

"సట్టం గిట్టం నాకు తెల్దు. ఒక్కటడుగుతాను. మా తమ్ముడి పేరేటో దానికి తెలుసా?"

"ఇంకా అడగలేదమ్మా."

"అడుగు. పేరు కూడా తెలీకండా సంపీడమేటి?"

లోపలికి వెళ్ళి అడిగాను. నూకరత్నం నా వైపు తిరిగి, చుట్టాన్ని చూసినట్టు నవ్వింది.

"ఎవులూ సావలేదు డాక్టరమ్మా. అందరూ లోనికొచ్చీసినారు."

"ఎవరొచ్చారు?"

"మా వూరోళ్ళు. ఎన్నాళ్ళ బట్టో తలుపు కొడతన్నారు. ఎవులూ తియ్యకపోతే నాను తీసినాను."

వాళ్ళ ఊరు సముద్రంలో కలిసిపోయింది వాళ్ళ అమ్మమ్మ కాలంలోనే. వింటే జాలేస్తుంది. కాని ఈ మధ్య కోర్టు నుంచి వచ్చే ప్రతివాళ్ళకీ గట్టు బయట మనుషులు వినపడుతున్నారు. వెలిగట్టు తప్పించుకోవడానికి దిగువ వీధిలో అందరూ నేర్చుకున్న పాఠం అది. పోయినసారి పడవ తాళ్ళు దొంగిలించినవాడు కూడా అదే అప్పజెప్పాడు, దొరికిపోయాడు. పైగా ఈమె తూము దగ్గర చౌకీదారు టీకి వెళ్ళేదాకా కాచుకుని ఉంది. అంతకుముందు పక్కింటివాళ్ళ కోళ్ళని మేడ మీదికి చేర్చింది. నీళ్ళొస్తాయని తెలిసి కోళ్ళని కాపాడింది, మనిషిని వదిలేసింది. పిచ్చి ఉన్న మనిషికి అంత ముందుచూపా అని జుబేదా అంది. నాకూ అలాగే అనిపించింది.

నమోదు 63

ఇవాళ గంట మోశాం.

చెవి వెనక మణి ఊళ్ళో అందరికీ ఉన్నదే, జ్వరాల కాలంలో పెట్టారు. దాంట్లో బొమ్మ ఉండదు, మాట ఉండదు. ఏ గంటలో ఒళ్ళు ఏ పాటు పడిందో అది మాత్రం ఉంటుంది. గుండె, ఊపిరి, కడుపులో తిప్పు, వేళ్ళ చివర చల్లదనం. తీగల పాగా తలకి చుట్టుకుంటే ఆ మనిషి గంట మన ఒంట్లోకి వస్తుంది. పూర్వం ఈ పని పెద్ద డాక్టర్లే చేసేవాళ్ళట. ఏళ్ళ తరబడి మోసి మోసి వాళ్ళకి ఏ గంటా బరువనిపించడం మానేసింది. అందుకని ఇంకా బరువు తెలిసే మాకు అప్పగించారు.

పద్ధతి ప్రకారం ముందు ఆ మనిషి మామూలు గంట ఒకటి మోయాలి. ఏ గొడవా లేని పాత రోజుది. తర్వాత నేరం గంట. నేను మేస్త్రీ అయ్యాక మామూలు గంట ఆపించాను. గాలిమర తిరిగేదే అంతంతమాత్రం, ఎవరో ఒకప్పుడు చేపలు కడిగిన గంట మోయడానికి కరెంటు ఎక్కడ తేను? పెద్ద డాక్టర్ గారు కూడా, "ఈ బ్యాచిలో పని చురుగ్గా సాగుతోందే," అన్నారు.

చిన్నవాళ్ళు ముందు మోయాలి, మేస్త్రీ ఆఖర్న మోయాలి. అందరిలోకి చిన్నవాడు పరదేశి. పాగా చేతిలో పట్టుకుని, "కడుపులో బాలేదు మేస్త్రీ, కాస్సేపాగి చుట్టుకుంటాను," అన్నాడు. ఆగాను. ఎంతసేపని ఆగుతాను? ఎండ వాలిపోతోంది, గాలి పడిపోతోంది. "ఇలా తే," అని నేనే చుట్టుకున్నాను.

ఏం చెప్పను, హాయిగా ఉంది. కాళ్ళు నడిచాయి. ఒకచోట ఆగాయి, చౌకీదారు కోసం కాబోలు. మళ్ళీ నడిచాయి. భుజాలు బిగిశాయి, చక్రం తిప్పుతోందన్నమాట. ఇన్నిట్లోనూ గుండె ఒక్క దెబ్బ తొందరపడలేదు. తాతబాబు అరిచే ఉంటాడు. అప్పుడు కూడా పడలేదు. ఆ గంటసేపూ నా మోకాలు ఊగలేదని పాగా తీశాక గాని గుర్తు రాలేదు. చిన్నప్పుడు జ్వరం తగ్గిన మర్నాడు ఇలా ఉండేది.

తర్వాత కోపం వచ్చింది. ఒక మనిషి నీళ్ళలో మునుగుతుంటే ఇంత నిబ్బరమా? అది గుండె కాదు, బండ. పిచ్చిలో గాభరా ఉంటుంది, భయం ఉంటుంది, ఇన్నాళ్ళూ మోసినవాటిలో అదే చూశాను. ఈమె తెలిసే చేసింది.

బయటికి వస్తుంటే శౌరీలు సిస్టర్ అడ్డుపడింది. కొత్తగా వచ్చిన అమ్మాయిని ఎక్కడ పడుకోబెట్టను, మంచాలు లేవు అని. "ఆరోది ఖాళీ అయిపోతుందిలెండి, ఆ అమ్మాయి పేరు దానికి రాసేయండి," అన్నాను. పరదేశి ఆ పక్కనే కుళాయి దగ్గర మొహం తుడుచుకుంటున్నాడు. వెళ్ళు, నీ వంతు అన్నాను.

నమోదు 64

కూర్చున్నాం, తేల్చాం. ఇంత తొందరగా ఎప్పుడూ తేలలేదు.

కొత్తగా చేరేవాళ్ళు ఎప్పుడైనా ఇది చదివితే తెలియాలి కాబట్టి రాస్తున్నాను. మేస్త్రీ దగ్గర చిన్న ఇత్తడి భరిణె ఉంటుంది, దాంట్లో కరక్కాయ ముక్కలుంటాయి. అందరూ కూర్చోగానే మేస్త్రీ ఒక ముక్క బుగ్గన పెట్టుకోవాలి. చిన్నవాళ్ళతో మొదలుపెట్టి అందరూ చెప్పడం అయ్యేదాకా ఉమ్మకూడదు. ఆ వగరుకి నోరు ఎలాగూ పెగలదు. పెద్దవాళ్ళ మాట ముందు పడితే చిన్నవాళ్ళ మాట మారిపోతుందని పాతవాళ్ళు పెట్టిన ఆచారం.

బుగ్గన పెట్టుకున్నాను. పరదేశి నేల చూస్తూ, "తెలుసు... అనుకుంటాను," అన్నాడు. లవుడు తెలుసన్నాడు, కుశుడు తెలుసు తెలుసన్నాడు. జుబేదా, "తెలుసు. కోళ్ళని మేడెక్కించిన మనిషికి తెలియకేం," అంది. నేను ముక్క ఉమ్మి, "తెలుసు," అన్నాను.

కోర్టుకి కబురు పంపాను. పున్నమి పోటు తగ్గగానే వెలిగట్టుకి పడవ వెళుతుంది. ఆ పడవలో బియ్యం ఉంటుంది, రాళ్ళుంటాయి, మందులు ఉండవు. అక్కడ గట్టు అవతలి వైపు నిలబడి రాళ్ళు పేర్చాలి. ఒళ్ళు బాగున్నవాళ్ళే అక్కడ ఎక్కువ కాలం ఉండరు.

నమోదు 66

నిన్న రాయలేదు. రాయడానికేం లేదనుకున్నాను, నిద్ర మాత్రం పట్టలేదు.

కొత్త అమ్మాయి ఆరో మంచం మీదికి వచ్చేసింది. నూకరత్నానికి వరండాలో చాప వేశారు. చాప మీద కూడా అలాగే కూర్చుంది, చేతులు ఒళ్ళో, చూపు గోడ మీద. పరదేశి ఆమె పక్కన కూర్చుని తల దువ్వుతున్నాడు. చిక్కులు పడిపోయిందట. డాక్టరు చెయ్యవలసిన పనేనా అని ఎగతాళి చేద్దామని దగ్గరికి వెళ్ళాను.

"మేస్త్రీ, ఈమె చెప్పేది ఒకసారి వినండి," అన్నాడు. ఆమెతో, "పిలిచినాయన సంగతి డాక్టరమ్మకి చెప్పమ్మా," అన్నాడు.

"ఒకాయన పిలిసినాడు డాక్టరమ్మా. తలుపు అవతల్నుండి. తియ్యి, తియ్యి, బేగి తియ్యి అని ఒకటే కేకలు. వొస్తన్నాను బాబూ ఉండు అని ఇంకా గట్టిగా తిప్పీసినాను. ఆయన కోసమే కదా తీసినాను."

తాతబాబు కేకలు ఆమె విన్నది. వినే ఇంకా గట్టిగా తిప్పింది. తలుపు దించమని అతను అరుస్తుంటే, ఎత్తమని అరుస్తున్నట్టు వినపడింది ఆమెకి.

 కాసేపటికి పరదేశిని పక్కకి పిలిచి, "నీకు గంటలో ఏం తెలిసింది?" అని అడిగాను. వాడు దువ్వెన అటూ ఇటూ తిప్పాడు.

"నేను పూర్తిగా మొయ్యలేదు మేస్త్రీ. సగంలో తీసేశాను. ఏదోలా ఉంది. ప్రాణం లేనట్టు ఉంది."

"మరి తెలుసని ఎందుకన్నావురా?"

"మంచం ఇచ్చేశారు కదా. ఇంక నేనేమంటే ఏంటి అనుకున్నాను."

ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. జుబేదాని అడిగాను. ఆమె గిన్నెలు తోముతోంది, తల ఎత్తలేదు.

"వార్డంతా తెలుసు మంచం సంగతి. బోర్డు మీద పేరు మారిపోయింది, నాకు కళ్ళు లేవా? అయినా నేను తెలుసనే అనేదాన్నేమో. ఏమో."

"ఏమోనా?"

"అవును, ఏమో! నువ్వు మంచం ఇవ్వకపోతే ఏమనేదాన్నో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది?"

లవకుశుల్ని అడగక్కర్లేకపోయింది. వాళ్ళే వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు.

బుగ్గలో కరక్కాయ పెట్టుకుని బుద్ధిమంతురాలిలా కూర్చున్నాను. కూర్చోకముందే అందరి నోళ్ళలోనూ నా మాట కుక్కేశాను.

నమోదు 67

పొద్దున్నే శౌరీలు సిస్టర్‌ని అడిగి నూకరత్నం మామూలు గంట తీయించాను. ఏడాది కిందటిది, చేపల సంతలో కూర్చున్న రోజు. గాలి లేదు. ఆసుపత్రిలో డైనమో సైకిల్ ఒకటుంది, ఎవరైనా తొక్కితే పాగా పనిచేస్తుంది. నా కాళ్ళకి సరిపోయే పని అది, కాని తొక్కుతూ మోయలేను కదా. జుబేదాని అడిగాను.

"ఇప్పుడా? తీర్పు వెళ్ళిపోయాకా?"

"పడవ ఇంకా వెళ్ళలేదు."

నోట్లో ఏదో గొణుక్కుంటూ ఎక్కి తొక్కింది.

చుట్టుకున్నానో లేదో, నా ఒంట్లో నేనే ఉన్నానా అనిపించింది. నిమిషం ఊరుకోదు ఆ ఒళ్ళు! మెడ అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. కడుపులో ఆకలి, వీపు మీద దురద, ఎవరో వస్తున్నారని ఒక ఉలికిపాటు, కాదని తెలిసి ఒక నిట్టూర్పు. ఏదో తలుచుకుని దిగులు, వెంటనే నవ్వు, పొట్ట కదిలేటంత నవ్వు. గంట మధ్యలో చెయ్యి చటుక్కున పక్కకి పోయింది. పక్క బుట్టలోంచి ఒక చేప లాగేసిందో, ఎవరిదైనా చాప తన వైపు జరుపుకుందో, నాకు కనపడదు. కాని ఆ వెంటనే గుండెలో చీమ కుట్టింది. చెవులు వేడెక్కాయి, అరచేతులు చెమర్చాయి. ఆ చీమ చాలాసేపు వదల్లేదు. చివరికి చెయ్యి మళ్ళీ అటు వెళ్ళి వచ్చాక గాని వదల్లేదు. తీసింది తిరిగి పెట్టేసింది కాబోలు.

పాగా తీసేసి అక్కడే నిలబడిపోయాను. ఈ మనిషి ఒళ్ళు ఇంత చిన్న తప్పుకే ఇంత గోల చేస్తుంది. తూము దగ్గర గంటలో ఆ చీమ లేదు. చౌకీదారు కోసం దాక్కున్నప్పుడు లేదు, చక్రం తిప్పినప్పుడు లేదు, మనిషి అరిచినప్పుడు లేదు. ఆ నిబ్బరం ఆమెది కాదు. జబ్బుది. నేను మొదట చూడవలసింది ఈ గంట. చూడక్కర్లేదని నేనే ఆపించాను, చురుగ్గా పని చేస్తున్నామని పొగిడించుకున్నాను.

"ఏం, ఏముంది?" అని జుబేదా రొప్పుతూ అడిగింది. చెప్పబోయి ఆగాను. "నువ్వు చుట్టుకో, నేను తొక్కుతాను," అన్నాను. ఇన్నాళ్ళకి నా కాళ్ళు ఒక పనికి వచ్చాయి. నలుగురూ మోసేదాకా తొక్కాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

నమోదు 68

తీర్పు వెనక్కి తీసుకోవాలంటే మేస్త్రీ కోర్టుకి వెళ్ళి, కూర్చోకముందే నా మాట బయటపడింది అని చెప్పాలి. అప్పుడు ఆ తీర్పు చెల్లదు. దాంతోపాటు బ్యాచి మొత్తానికి ఆ ఏడాది చదువు చెల్లదు. మళ్ళీ మొదటినుంచి మోయాలి. జుబేదాకి కొండ ఆసుపత్రిలో చోటు ఖాయమైంది. అక్కడ మంచినీళ్ళ ఊట ఉంది. మొహం తియ్యటి నీళ్ళతో కడుక్కోవచ్చని రోజుకోసారి చెప్తుంది.

సంగతి చెప్పగానే లేచి నిలబడింది.

"నోరు జారింది నీది. ఏడాది పోయేది మాదా?"

"అవును."

"పోనీ పడవ వెళ్ళాక చెప్పు. కొండ మీద చేరిపోయాక నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను."

"పడవ వెళ్ళాక ఎవరికి చెప్పను, చేపలకా?"

"అంటే ఆ మనిషి కోసం మేం నలుగురం మునగాలన్నమాట."

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. రెండు మాటలంటే పరదేశి నా వైపు వచ్చేస్తాడు, లవకుశులు వాడి వెనక వస్తారు, జుబేదా ఒంటరిదైపోతుంది. అలా మనుషుల్ని తోలడం నాకు బాగా వచ్చు. భరిణె తీసి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకున్నాను.  పరదేశి వైపు చూసి తల ఊపాను.

గదిలో నా మోకాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"చెప్పాలి," అన్నాడు పరదేశి. "మా నాన్న ఏమంటాడో తెలియదు గాని, చెప్పాలి."

లవుడు చెప్పాలన్నాడు. కుశుడు తమ్ముడి వైపు చూసి, "నాకు భయంగా ఉంది. అయినా చెప్పండి," అన్నాడు.

జుబేదా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. వగరు గొంతులోకి దిగుతోంది నాకు. మాట్లాడకుండా ఒక మనిషి కోసం కాచుకుని ఉండటం ఇంత కష్టమని ఇన్నాళ్ళ మేస్త్రీగిరీలో ఈరోజే తెలిసింది.

"వెళ్ళి చెప్పు," అంది చివరికి. "తీసిందేదో తిరిగి పెట్టేసింది, నాకూ తెలిసింది. వెళ్ళి చెప్పు గాని, నిన్ను నేను క్షమించను."

నలుగురూ వద్దంటే వెళ్ళేదాన్నా? వెళ్ళేదాన్నే. ఒంటరిగా వెళ్ళేదాన్ని.

నమోదు 69

జడ్జి గారు పెద్దావిడ. నేను చెప్పింది రెండోసారి కూడా చెప్పించుకుని విన్నారు. "ఎందుకు చేశావమ్మా?" అన్నారు.

"తొందరండి," అన్నాను. అంతకన్నా మంచి కారణం దొరకలేదు.

పడవ ఆపమన్నారు. వేరే మేస్త్రీ కింద మళ్ళీ మోయమన్నారు. భరిణె బల్ల మీద పెట్టేశాను.

వెనక బెంచీ మీద పైడమ్మ లేచింది. వల చేతిలోనే ఉంది.

"ఒకపాలి తెలుసంతారు, ఒకపాలి తెల్దంతారు. దాని గంట ఇన్నిసార్లు మోసినారు. మా తమ్ముడి గంట ఎవులు మోసినారు?"

చచ్చిపోయినవాళ్ళ గంట తీర్పుకి అక్కర్లేదని చట్టంలో ఉంది. ఆ మాట జడ్జి గారు చెప్పలేదు, నేనూ చెప్పలేదు. పైడమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి, వల చుట్టుకుని వెళ్ళిపోయింది. దారంతా ఆమె వెనకే నడిచాను, పిలవడానికి ధైర్యం చాల్లేదు.

నంబరు లేదు

నేను మేస్త్రీని కాదు కాబట్టి నంబరు వెయ్యకూడదు. అయినా రాస్తున్నాను, చేతులు ఊరుకోవు.

జుబేదాని ఎన్నుకున్నాం. ఎన్నుకోగానే ఆమె మొదట చేసిన పని నా ముందు భరిణె తెరిచి పెట్టడం. "నీ అభిప్రాయం ఊరంతా తెలుసు. నువ్వూ ఒక ముక్క బుగ్గన పెట్టుకో. ఈసారి నీకు మాట లేదు." రెండు గంటలూ అందరం మళ్ళీ మోశాక, ఇద్దరం బుగ్గలు ఉబ్బించుకుని ఎదురెదురుగా కూర్చున్నాం. మిగతా ముగ్గురికీ నవ్వొచ్చింది. మాకూ వచ్చింది గాని నవ్వితే ముక్క పడిపోతుంది.

పరదేశి ఈసారి నేల చూడకుండా, తెలియదన్నాడు. లవుడు తెలియదన్నాడు. కుశుడు, "తెలుసు," అన్నాడు.

అందరం వాడి వైపు తిరిగాం. పుట్టి బుద్ధెరిగాక అన్నదమ్ములిద్దరూ రెండు మాటలనడం అదే మొదలు.

"చౌకీదారు వెళ్ళేదాకా ఆగింది కదా. అడ్డుకుంటారని తెలుసన్నమాటే కదా. నాకు అక్కడే అనుమానం."

జవాబు చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కరక్కాయ ఉంది. నోరు మూసుకుని ఆలోచిస్తే వాడన్నదాంట్లో కొంత ఉంది కూడా. అడ్డుకుంటారని తెలియడం, తప్పని తెలియడం ఒకటేనా? నాకు కాదనిపిస్తుంది. వాడికి అనిపించలేదు, అనిపించకపోవడం వాడి హక్కు.

జుబేదా ముక్క ఉమ్మి, "తెలియదు," అంది.

కోర్టు ఒప్పుకుంది. నూకరత్నానికి మంచం, మందు. జుబేదా కొండ ఆసుపత్రి చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నాతో పని మాటలు తప్ప మాట్లాడదు.

ఆమె ఇంకో పని కూడా చేయించింది. నీళ్ళలోంచి తీసిన తాతబాబు మణి కోర్టులోనే ఉంది. అది తెప్పించి, "ఇది తీర్పుకి కాదు. అయినా మోద్దాం," అంది. పైడమ్మని లోపలికి పిలిచి ఆమె ఎదురుగానే ఐదుగురం మోశాం. అతని గంట చివరిదాకా లేదు, మధ్యలో ఆగిపోతుంది. ఆగే ముందు చాలా చలి, ఊపిరాడకపోవడం. వాటికి ముందు కాస్సేపు గుండె తేలికపడింది. పైన చక్రం దగ్గర ఎవరో మనిషి ఉన్నారని అతను గుర్తుపట్టాడు కాబోలు, వాళ్ళు తలుపు దించేస్తారని ఆశపడ్డాడు. నేను ఏడ్చాను. పైడమ్మ మా మొహాలు ఒక్కొక్కటే చూసి వెళ్ళిపోయింది.

మళ్ళీ నంబరు లేదు

మందు పనిచేస్తోంది. మొదట ఎవరూ గమనించలేదు, గమనించింది నేనే. మధ్యాహ్నం గంజి పోస్తుంటే నూకరత్నం కుడికాలు మంచం కింద ఊగుతోంది.

సాయంత్రానికి కూర్చోలేకపోయింది. లేచి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తోంది. పక్కనే నేనూ నడిచాను. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి తడిగా ఉంది.

"డాక్టరమ్మా, ఆ పిలిసినాయన..."

"ఊఁ."

"ఆయన మా వూరోడు కాడు గదా?"

చెప్పకపోతే బాగుండుననిపించింది. ఆమె చెయ్యి వణుకు నా మోచేతిదాకా వచ్చింది.

"కాడమ్మా. తూములో పని చేసుకుంటున్నాడు."

గోడకి ఆనుకుంది. జారి కూలబడుతుందనుకున్నాను, పడలేదు. మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. ఏడవడానికి కూడా ఆగలేని నడక. ఇంకో రెండుసార్లు తిరిగి వచ్చాక అడిగింది.

"పేరేటి?"

"తాతబాబు."

"తాతబాబు," అంది. ఆ చివరకి వెళ్ళి వచ్చి మళ్ళీ అంది.

నడవలేక ఆగిపోయాక మంచం మీద పడుకోబెట్టి, పరదేశిని దగ్గర కూర్చోమని చెప్పి, మెట్ల దగ్గరికి పరుగెత్తాను. పైడమ్మ అక్కడే ఉంది. వల సగం పూర్తయింది.

"పేరు అడిగిందమ్మా ఇవాళ," అన్నాను.

చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. దారం ఒకటి పళ్ళతో తెంపి, ముడి వేసి, ఆ ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకుంది.

"సెప్పినావా?"

"చెప్పాను. తాతబాబు అని."

"అది బయటోళ్ళు పిలిసే పేరు," అంది పైడమ్మ. "ఇంట్లో బాబిగాడనీవోళ్ళం. అది కూడా సెప్పు."